పదమూడో రకం

ట్రోన్‌హైమ్‌లో డిసెంబరు పగలు
పదికి వచ్చి రెండున్నరకి వెళ్ళిపోతుంది,
పూటకూలి గుమాస్తాలా.
ఆ కాస్త వెలుగులో తూరిడ్
ఒక చచ్చిపోయిన ప్రోగ్రాం ముందు కూర్చుంది.

తెల్లవారుజామున ఫెర్రీ కంపెనీ డేటాబేసు కూలిపోయింది.
పోతూ పోతూ తన జ్ఞాపకమంతా
ఒక్క ఫైల్లో కుమ్మరించింది.
తూరిడ్ డీబగ్గరు తెరిచి అడిగింది:
ఈ గడిలో ఏముంది?

అది చిరునామా చెప్పింది.
ఇంట్లో ఎవరున్నారో చెప్పలేదు.
ఆ చిరునామాకి వెళ్తే ఇంకో చిరునామా,
దాని గడప మీద ఒక అంకె, పదమూడు.
పక్కన పొడవు, ఆరు.
లోపల ఆరు బైట్లు
కోర్టులో నోరు విప్పని సాక్షుల్లా.

"పదమూడంటే ఏ రకం?"
కుర్చీ తిప్పకుండానే అడిగింది.
"పేరు" అన్నాడు ఓస్మున్,
ఆయనా కుర్చీ తిప్పలేదు.
ముప్పై ఏళ్ళుగా బైట్లని పచ్చిగానే చదివే మనిషి.
మానిటరు అంచున పసుపు కాగితం, టేపు మీద టేపు:
ఒకటి పూర్ణాంకం, నాలుగు తేదీ, తొమ్మిది డబ్బు.
పదమూడు దగ్గర కాఫీ మరక.
"చదవడం వస్తే చాలు. దానికి మళ్ళీ అద్దాలెందుకు?"
ఆ కాగితాన్ని ఈమధ్య ముక్కుకి ఆనించుకుని చూస్తున్నాడని
ఆమె అనలేదు.

తూరిడ్ వాళ్ళమ్మ ఫ్రోయా దీవిలో, చేపల ఫ్యాక్టరీలో,
అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద
కాడ్ ముక్కలు పరిచి చూసేది.
కత్తి పెట్టకముందే పురుగు కనబడేది
తెల్లటి కండలో గోధుమరంగు కామాలా.
కోసి వెతికితే పురుగూ దొరుకుతుంది,
చేపే మిగలదు, అనేది.

కాఫీ చల్లారేలోగా తూరిడ్ ఒక స్క్రిప్టు మొదలుపెట్టింది,
డీబగ్గరు పక్కన కూర్చోబెట్టే దుబాసీని.
చూడాలి, ముట్టుకోకూడదు.
పోయినవాణ్ణి లేపి నీ పేరేమిటని అడగకూడదు.
అడిగితే చెప్పడానికి ప్రాణమున్న ఫంక్షను కావాలి,
ఇక్కడున్నవి ఎముకలు.
ఎముకల్ని బట్టే మనిషిని చెప్పాలి.
అర్థం కానిది ఎదురైతే అల్లి చెప్పకూడదు.
"తెలియదు" అని రాసి,
ఆ బైటుని ఉన్నదున్నట్టు కింద పెట్టాలి.

ఆ ఒక్క మాట రాయడానికే చాలాసేపు పట్టింది.
రెండుసార్లు చెరిపేసింది.
తెలిసినట్టు మాట్లాడే దుబాసీ కన్నా
మూగవాడు నయం.

రెండున్నర.
నది మీద పాత గోదాముల కొయ్యకాళ్ళ నీడలు ఆరిపోయాయి.
అరవై రెండు లైన్లు.
మళ్ళీ అడిగింది: ఈ గడిలో ఏముంది?

రకం పేరు. పొడవు ఆరు.
వెస్ట్‌బ్
తెలియదు, ఒక బైటు.

వెస్ట్‌బో. రాత్రి పడవకి టికెట్టు కొన్న ఎవరో.
చివరి అక్షరం ఈ దేశపు అచ్చు,
అడ్డగీత కొట్టిన సున్నాలా ఉంటుంది,
రెండు బైట్ల చోటు అడుగుతుంది.
ఎవరో అక్షరాలు లెక్కపెట్టి ఆరన్నారు,
బైట్లేమో ఏడు.
సగం అచ్చు లోపల, సగం గడప బయట.
గుణింతం తెగిన హల్లు
పొల్లుతో నిలబడి ఎదురుచూస్తోంది.

ఈసారి ఓస్మున్ కుర్చీ తిప్పాడు.
తెర దగ్గరికి వంగాడు. ఇంకా వంగాడు.
"ఈ బైట్లే పొద్దున నేనూ చదివాను.
పేరే కదా అని ఊరుకున్నాను."
హీటరు టిక్కుమంది.
"లెక్కపెట్టింది నేనే. తొంభై ఆరులో.
అప్పుడు అక్షరానికి ఒక్క బైటే."

ఆమె ఏమీ అనలేదు. ఫైలు భద్రం చేసింది.

"పద్నాలుగు కూడా చూపిస్తుందా ఇది?"
"మీ కాగితంలో పద్నాలుగు లేదు."
"లేదు" అన్నాడాయన,
కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ.
"చెప్తాను. రాసుకో."